రెండో కన్ను ఎందుకు చీకటిగా వస్తోంది?

ప్రశ్న: సార్, నమస్తే. మాది పల్నాడు జిల్లాలో ఒక చిన్న టౌను. ఆప్టోమెట్రీ (కంటి పరీక్షల కోర్సు) పూర్తయి రెండేళ్లయింది. కళ్లద్దాల షాపుకి ఆనుకుని ఉన్న క్లినిక్‌లో చేస్తున్నాను. ఆరు నెలల కిందట మా ఓనరుగారు షుగర్ పేషెంట్ల కోసం ఫండస్ కెమెరా, అంటే కంటి లోపలి వెనకభాగాన్ని ఫోటో తీసే మిషన్ కొన్నారు. నేను ఫోటోలు తీసి పంపితే సిటీలో రెటీనా (కంటి వెనక తెర) డాక్టరుగారు చూసి రిపోర్టు రాస్తారు. పదిమందివి పంపితే నలుగురివి 'చూడ్డానికి వీల్లేదు, మళ్లీ తీయండి' అని తిరిగొస్తున్నాయి. కుడికన్ను బాగానే వస్తుంది, ఎడమకన్ను సగం నల్లగా వస్తుంది. ముసలివాళ్లకైతే ఎన్నిసార్లు తీసినా మబ్బే. కంపెనీ మనిషి వచ్చి మిషన్ బాగానే ఉందన్నాడు. నాకే చేతకావడం లేదని ఓనరుగారు అంటున్నారు. కనుపాపని పెద్దది చేసే చుక్కల మందు వేద్దామంటే టైము పోతుందని ఒప్పుకోరు. పేర్లు తీసేసి ఎనిమిది ఫోటోలు జతచేశాను. వచ్చే నెల ఓసీటీ (రెటీనా పొరల్ని స్కాన్ చేసే మిషన్) కూడా వస్తోంది. దానికీ ఇదే గతి పడుతుందేమోనని భయంగా ఉంది.

జవాబు: ఎనిమిది ఫోటోలూ పక్కపక్కన పెట్టుకుని రెండు సాయంత్రాలు చూశాను. కంపెనీ మనిషి చెప్పింది నిజమే. మీ ఓనరుగారు అన్నది నిజం కాదు. మీ ఫోకస్ బాగుంది, మాక్యులా (రెటీనాలో మధ్యచూపు ఇచ్చే చోటు) సరిగ్గా మధ్యకే వచ్చింది. రెండేళ్ల అనుభవానికి అది మంచి చెయ్యే. కాకపోతే మీరు బటన్ నొక్కేలోపే ఫోటో పాడైపోతోంది. ఎక్కడ పాడవుతోందో ఆ ఫోటోలే చెబుతున్నాయి.

ముందు 2, 3, 5, 6 నంబర్లు తీయండి. గడియారంలో నాలుగు గంటల ముల్లు ఉండేచోట తెల్లటి మసక చుక్క కనిపిస్తుంది. రెండోది కుడికన్ను, మూడోది ఎడమకన్ను. ఐదు, ఆరు ఇంకో మనిషివి. ఇద్దరు మనుషుల నాలుగు కళ్లలో ఒకే చోట, ఒకే సైజులో మచ్చ ఉంటుందా? అది రెటీనాలో లేదు, మీ కెమెరా ముందు లెన్సు మీద ఉంది. ఎవరి ముక్కో, తడి కనురెప్పో తగిలి ఉంటుంది.

ఇది చెప్పడానికి నాకు హక్కుంది. కొత్తలో నేను ఒకే రోజు పద్నాలుగు మందికి 'కాటన్ వూల్ స్పాట్' (రెటీనాలో పడే దూదిలాంటి తెల్లమచ్చ) అని రాసి పైకి పంపాను. సాయంత్రం డాక్టరుగారు ఫోన్ చేసి, 'మీ ఊళ్లో అందరికీ ఒకే చోట జబ్బు వచ్చిందేమిటయ్యా?' అని అడిగారు. ఆ తర్వాత రోజూ పొద్దున మొదటి పేషెంటు కంటే ముందు ఒక నల్లగుడ్డ ఫోటో తీయడం అలవాటు చేసుకున్నాను. గది చీకటి చేసి, లెన్సుకి కొంచెం ఎడంగా నల్లగుడ్డ పట్టుకుని ఫ్లాష్ కొట్టండి. లెన్సు శుభ్రంగా ఉంటే స్క్రీన్ నల్లగా ఉంటుంది. దుమ్మున్నా, వేలిముద్రున్నా తెల్లగా మెరుస్తుంది. తుడిచేటప్పుడు ముందు రబ్బరు బ్లోయరుతో ఊదాలి. దుమ్ము ఉండగానే గుడ్డ పెట్టి రుద్దితే లెన్సు మీద గీతలు పడతాయి. తర్వాత లెన్సు పేపరు మీద మీ మిషన్ పుస్తకంలో చెప్పిన ద్రవం ఒక్క చుక్క వేసి, మధ్య నుంచి బయటికి గుండ్రంగా తుడవాలి. నోటితో ఊదడం, చున్నీ కొంగుతో తుడవడం వద్దు. పేషెంటు లేనప్పుడల్లా మూత పెట్టాలి. మిరపకాయలు కళ్లాల్లో ఆరే రోజుల్లో మీ వైపు దుమ్ము ఎలా ఉంటుందో నేను చెప్పక్కర్లేదు.

ఇక మిమ్మల్ని అంతగా బాధపెడుతున్న ఎడమకన్ను సంగతి. మీ ఎనిమిదింటిలో మూడు ఎడమకళ్లకి ఒక పక్క నల్లటి నెలవంక ఉంది. వాటి జంట కుడికళ్లకి మాత్రం ఆ నీడ లేదు. ఫోటోల మీద టైము కూడా పడింది చూశారా? కుడికన్నుకీ ఎడమకన్నుకీ మధ్య పదిహేను, ఇరవై సెకన్ల తేడా ఉందంతే. అసలు కారణం అదే.

దీనికి కెమెరా లోపల ఏం జరుగుతుందో తెలియాలి. అద్దం తలుపుల బీరువాలోకి రాత్రిపూట టార్చి వేసి చూశారా? టార్చిని కళ్ల పక్కనే పట్టుకుంటే వెలుగు అద్దం మీంచి తిరిగొచ్చి మన ముఖానికే కొడుతుంది, లోపలి చీరలు కనబడవు. టార్చిని కాస్త పక్కకి జరిపితే కనబడతాయి. కంటికీ అంతే. ముందున్న పారదర్శక పొర కార్నియా ఆ అద్దం, రెటీనా లోపలి చీర. వెలుగు వెళ్లే దారి, మనం చూసే దారి వేరువేరుగా ఉండాలని స్వీడన్ డాక్టరు గుల్‌స్ట్రాండ్ నూరేళ్ల కిందటే తేల్చారు. ఆయనకి 1911లో నోబెల్ వచ్చింది. మీ ఫండస్ కెమెరా కూడా ఆ సూత్రంతోనే నడుస్తుంది. వెలుగు గారె ఆకారంలో, కనుపాప అంచుల వెంట లోపలికి పోతుంది. బొమ్మ మధ్యలోని చిల్లు గుండా బయటికి వస్తుంది. ఈ రెండు దారులూ పట్టాలంటే కనుపాప సుమారు 4 మిల్లీమీటర్లయినా తెరుచుకోవాలి. చాలా మిషన్లలో ఉండే చిన్న కనుపాప మోడ్‌కి కూడా 3.3 దాకా కావాలి. అంతకంటే తగ్గితే వెలుగు గారె ఐరిస్‌కి (కనుపాప చుట్టూ ఉండే రంగు పొరకి) తగిలి ఆగిపోతుంది. అప్పుడు పడే నీడే మీ ఫోటోలోని నెలవంక.

కుడికన్నులో ఫ్లాష్ కొడితే ఎడమ కనుపాప కూడా ముడుచుకుంటుంది. ఒక కంట్లో వెలుగు పడితే రెండు పాపలూ కలిసే చిన్నవవుతాయని మొదటి సంవత్సరంలోనే చదివారు. పరీక్షలో రాశాం, క్లినిక్‌లో మరిచిపోయాం! పదిహేను సెకన్లలో పాప మళ్లీ తెరుచుకోదు. కుర్రవాళ్లకి ఒకటి రెండు నిమిషాలు చాలు. పదేళ్లుగా షుగర్ ఉన్న పెద్దవాళ్లకి నాలుగైదు నిమిషాలు కావాలి. వాళ్ల పాపలు మామూలుగానే చిన్నవి, చీకట్లో కూడా బద్ధకంగా తెరుచుకుంటాయి. ఫోకస్ చేసేటప్పుడు మీ స్క్రీన్ మీద బొమ్మ బూడిదరంగులో ఎందుకు కనబడుతుందంటే, కెమెరా అప్పుడు కంటికి తెలియని ఇన్‌ఫ్రారెడ్ వెలుగు వాడుతుంది. కంపెనీవాళ్లు పాపని అంత జాగ్రత్తగా కాపాడితే, మనం గదిలో ట్యూబ్‌లైటు వేసి దాన్ని ముడిచేస్తున్నాం.

మీ గది ఎలా ఉంటుందో నేను చూడలేదు. కానీ ఏడో ఫోటో చూస్తే కుడికన్ను పాప కూడా అంతంతమాత్రమే. తలుపు మూసి, లైట్లార్పి, పేషెంటు కుర్చీలో మీరే ఐదు నిమిషాలు కూర్చోండి. తలుపు కింద సందులోంచి వచ్చే వెలుగు, కర్టెను పక్కన పడే ఎండచార, మీ ముఖాన కొట్టే మానిటరు అన్నీ కనబడతాయి. చేతిలో పేపరు పట్టుకుని అక్షరాలు చదవగలిగితే ఆ గది చీకటి కానట్టే. నల్లటి మందపాటి కర్టెను, తలుపు కింద రబ్బరు పట్టీ, మానిటరు వెలుతురు తగ్గించడం, వీటికి పెద్ద ఖర్చేమీ లేదు. ఇంకొకటి, చీకట్లో కూర్చోబెట్టిన పేషెంటు ఫోన్ తీసి వీడియోలు చూస్తుంటాడు. ఫోన్ జేబులో పెట్టించండి. లేకపోతే ఆ చీకటి వృథా.

'అంత టైము ఎక్కడిది సార్?' అంటారని తెలుసు. మూడు కుర్చీలు ఆ చీకటిగదిలోనే వేయండి. ముగ్గుర్ని ఒకేసారి లోపల కూర్చోబెట్టి, ఒక్కో రౌండులో ఒక్కొక్కరికి ఒక్క ఫోటో తీయండి. మొదటివాళ్ల కుడికన్ను తీశాక వాళ్లు లేచి కుర్చీలో కూర్చుంటారు, రెండోవాళ్లు వస్తారు. మళ్లీ వాళ్ల వంతు వచ్చేసరికి పాప తెరుచుకుని ఉంటుంది. మీ చేతికి ఖాళీ ఉండదు, వాళ్ల కంటికి విశ్రాంతి దొరుకుతుంది. ఇందులో ఒక ప్రమాదం ఉంది. ఒకరి ఫోటో ఇంకొకరి పేరు మీద పడితే, అది మసక ఫోటో కంటే వందరెట్లు చెడ్డది. ప్రతిసారీ పేరు వాళ్ల నోటితోనే చెప్పించి, స్క్రీన్ మీద సరిచూసుకుని మరీ తీయండి. మీ ఊళ్లో వెంకటేశ్వర్లు అనే పేరుతో ఎంతమంది ఉంటారో మీకే తెలుసు, వయసు కూడా అడగండి.

నెలవంకకి పాప ఒక్కటే కారణం కాదు. నీడ ఒక పక్కనే ఉంటే కెమెరా పక్కకి జరిగిందేమో చూసుకోండి. చుట్టూ పాలపొర లాగా తెల్లటి వలయం వస్తే, దూరం కుదరలేదని అర్థం. మీ మిషన్‌లో రెండు మెరిసే చుక్కలు వస్తాయి కదా, అవి చురుగ్గా, వాటి గుర్తుల్లోనే ఉన్నప్పుడు నొక్కాలి. ఫ్లాష్ కొట్టగానే చాలామంది ఉలిక్కిపడి తల అర అంగుళం వెనక్కి లాక్కుంటారు. మీరు చూసుకోరు, రెండో ఫోటో మసకవుతుంది. ప్రతి ఫోటోకి ముందు నుదురు పట్టీకి ఆనిందా లేదా అని ఒకసారి తొంగిచూడండి. నడుం వంగిన అవ్వలకి బల్ల బాగా దించాలి. గడ్డం ఆనించడం కోసం వాళ్లు మెడ పైకి సాచి కూర్చుంటే పది సెకన్లు కూడా నిలబడలేరు.

మాట తీరు కూడా ఫోటో నాణ్యతని మారుస్తుంది. 'పచ్చ లైటు చూడండి' అంటున్నారా? మన పెద్దవాళ్లలో చాలామందికి పచ్చ అంటే పసుపు. ఆయన పసుపు వెతుక్కుంటూ కన్ను నాలుగు దిక్కులా తిప్పుతాడు. 'లోపల వెలిగే చుక్క చూడండి తాతా' అంటే చాలు. 'కదలకండి, రెప్ప వేయకండి' అని ముందే బెదిరిస్తే కన్ను ఆరిపోయి, నీటిపొర విరిగిపోయి, బొమ్మ మసకేస్తుంది. నేనైతే, 'మెరుపు మెరిసినట్టుంటుంది, నొప్పుండదు. ఇప్పుడు రెండుసార్లు కళ్లు మూసి తెరవండి, ఆఁ, పెద్దవి చేయండి' అనేసి వెంటనే నొక్కేస్తాను. పైన ఫ్యాను నేరుగా ముఖానికి కొడుతుంటే ఆపేయండి. మధ్యచూపు పోయినవాళ్లకి లోపలి చుక్క కనబడదు. అలాంటివాళ్లకి బయటి లైటుని రెండో కంటికి చూపించండి. అదీ కుదరకపోతే వాళ్ల బొటనవేలు వాళ్లచేతే పైకి పెట్టించి, 'మీ వేలు చూడండి' అనండి. కనబడకపోయినా తన వేలు ఎక్కడుందో మనిషికి తెలుసు, కన్ను అటే పోతుంది.

నాలుగో ఫోటోలో అంచున ఉన్న మెరుపు గీతలు కనురెప్ప వెంట్రుకలవి. రెప్ప జారిపోయినవాళ్లకి మీరే వేలితో ఎత్తి పట్టుకోవాలి. కనుబొమ్మ ఎముకకి ఆనించి పట్టండి, కనుగుడ్డు మీద నొక్కకండి.

చుక్కల మందు దగ్గర మాత్రం మీ ఓనరుగారితో గట్టిగా మాట్లాడాలి. చీకట్లో ఐదు నిమిషాలు కూర్చున్నా పాప తెరుచుకోకపోతే మందు వేయాల్సిందే. అక్కడ ఆదా చేసిన అరగంట, పేషెంటు మళ్లీ ఊరి నుంచి బస్సెక్కి వచ్చే పూట కంటే పెద్దది కాదు. అయితే అది మీ సొంత నిర్ణయం కాకూడదు. ఎవరికి వేయాలి, ఎవరికి వద్దు అనేది మీ డాక్టరుగారి చేత రాయించి గోడకి అంటించుకోండి. వేసేముందు స్లిట్ ల్యాంప్‌లో (కంటిని పెద్దది చేసి చూపే మిషన్‌లో) కంటి ముందు గది, అంటే కార్నియాకీ ఐరిస్‌కీ మధ్య ఖాళీ, ఎంత లోతుందో చూడండి. లోతు తక్కువుంటే, లేదా ఇంట్లో ఎవరికైనా నీటికాసులు (గ్లకోమా) ఉన్నాయంటే, వేయకుండా పైకి పంపండి. మన దగ్గర మామూలుగా దొరికే ట్రోపికమైడ్ 0.8 శాతం, ఫినైల్‌ఎఫ్రిన్ 5 శాతం కలిసిన చుక్కల్లో రెండోది బీపీని పెంచగలదు. బీపీ ఎక్కువున్నవాళ్లకీ, గుండెజబ్బు ఉన్నవాళ్లకీ ఒట్టి ట్రోపికమైడ్ చాలదా అని డాక్టరుగార్ని ముందే అడిగి పెట్టుకోండి. ఇరవై నుంచి ముప్పై నిమిషాలు పడుతుంది. వెంట మనిషి లేకుండా బండి మీద వచ్చినవాళ్లకి ఆ రోజు వేయకండి. రాత్రి కన్ను నొప్పి, తలనొప్పి, వాంతి, లైట్ల చుట్టూ రంగుల వలయాలు వస్తే తెల్లారేదాకా ఆగకుండా రమ్మని చెప్పి పంపండి.

ఎనిమిదో ఫోటో గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. డెబ్భై దాటిన అమ్మగారిది అని రాశారు, తొమ్మిదిసార్లు ఫ్లాష్ కొట్టారట. అన్నీ గోధుమరంగు మబ్బు. లెన్సు శుభ్రం, పాప పెద్దది, ఫోకస్ సరైనది, అయినా ఫోటో అంతా ఒకే తీరుగా మసకగా ఉందంటే అది కెమెరా తప్పు కాదు, మీ తప్పూ కాదు. చాలావరకు అది శుక్లమే. ఆ ఫోటో ఫెయిల్ కాలేదు, ఆవిడ జబ్బు ఎటువైపో చెప్పింది. శుక్లం మధ్యలో ముదిరితే ఫ్లాష్ ఒక మెట్టు పెంచి చూడండి. పక్కన చారలుగా ఉంటే కెమెరాని వెంట్రుకవాసి పక్కకి జరిపి సందు వెతకండి, ఒక్కోసారి దొరుకుతుంది. మూడుసార్లకి రాకపోతే ఆపేయండి. చూపెంతుందో రాసి, 'మందు వేశాక కూడా రెండు కళ్లూ మసకే, శుక్లం అనుకుంటున్నాను, నేరుగా చూడాలి' అని రాసి పంపండి. ఫోటో పనికిరాకపోవడం కూడా పేషెంటుని పెద్ద డాక్టరు దగ్గరికి పంపడానికి కారణమే. స్క్రీనింగ్ చేసే చోట్ల అదే పద్ధతి. ఆ మసక వెనక రక్తం కారుతుందో లేదో ఎవరికీ తెలియదు కాబట్టి. వెలుగు, కాంట్రాస్ట్ పెంచి బాగున్నట్టు చేసి మాత్రం పంపకండి. మీరు పంపారని నేననడం లేదు, ఓనరుగారు అడిగే రోజు వస్తుంది.

పంపేముందు మీరే చూసుకోవడానికి ఒక కొలత చెబుతాను. ఇంగ్లండులో షుగర్ కళ్ల స్క్రీనింగ్‌కి ఒక్కో కంటికి 45 డిగ్రీల ఫోటోలు రెండు తీస్తారు, ఒకటి మాక్యులా మధ్యలో, ఇంకొకటి డిస్క్ (కంటి నరం మొదలయ్యే గుండ్రటి చోటు) మధ్యలో. మాక్యులా ఫోటోలో ఫోవియా (మాక్యులా నడిమధ్య) చుట్టూ ఒక డిస్క్ వెడల్పు మేర సన్నటి రక్తనాళాలు కనబడాలి. అవి కనబడితే పని జరిగినట్టే. అంచున చిన్న నీడ ఉన్నా డాక్టరుగారు తిప్పి పంపరు. ఆ సన్నటి నాళాలు కనబడకపోతే మిగతా ఫోటో ఎంత అందంగా ఉన్నా దండగ. పేషెంటు అలసిపోయేలా ఉంటే డిస్క్ తర్వాత, మాక్యులా ముందు.

మీరొక్కరే ఇలా పడుతున్నారనుకోకండి. థాయ్‌లాండ్ క్లినిక్‌లలో నర్సులు తీసిన ఫోటోలని గూగుల్ వారి సాఫ్ట్‌వేర్ చదివే ప్రయోగం మీద 2020లో ఒక అధ్యయనం వచ్చింది. మొదటి ఆరు నెలల్లో పెట్టిన 1,838 ఫోటోలలో 21 శాతాన్ని నాణ్యత చాలదని ఆ సాఫ్ట్‌వేర్ తిప్పికొట్టింది. పెద్ద కారణాల్లో ఒకటి గదిలో వెలుతురు. అంత పెద్ద కంపెనీకి కూడా అడ్డంపడినవాటిలో చీకటి చాలకపోవడం ఒకటి. ఈ పేరా మీ ఓనరుగారికి చదివి వినిపించినా నాకు అభ్యంతరం లేదు.

ఓసీటీకి భయపడకండి. దానికి పాప కాస్త చిన్నదైనా ఫరవాలేదు, చాలాసార్లు మందు లేకుండానే వస్తుంది. దాని శత్రువులు వేరే. మొదటిది ఎండిన కన్ను. స్కాన్‌కి ముందు రెప్పలు ఆడించమనండి, అవసరమైతే డాక్టరుగారి అనుమతితో కంటి తడి చుక్క ఒకటి వేయండి, సిగ్నల్ అప్పటికప్పుడు పెరుగుతుంది. మీకు ఏ మిషన్ వస్తుందో రాయలేదు. సిరస్ అనే రకం అయితే సిగ్నల్ పదికి ఆరు కంటే తగ్గిన స్కాన్‌ని నమ్మకూడదు. ఈ అంకెని తేలిగ్గా తీసుకోకండి. సిగ్నల్ తగ్గితే నరాల పొర ఉన్నదానికంటే పలచగా కొలుస్తుంది మిషన్. ప్రింటు మీద ఎర్రగా, అంటే మామూలు కంటే తక్కువ అని, పడుతుంది. ఆ ఎరుపు చూసి ఎవరైనా నీటికాసుల చుక్కలు మొదలుపెడితే, ఆ మనిషి జీవితాంతం వాటిని వేసుకుంటాడు. అధిక మైనస్ పవరు ఉన్నవాళ్లకి జబ్బు లేకపోయినా ఎరుపు వస్తుందని కూడా గుర్తుంచుకోండి.

ప్రింటు తీసేముందు మూడు చూడండి. పైనుంచి చూసే బొమ్మలో రక్తనాళం విరిగి పక్కకి జరిగినట్టుంటే కన్ను కదిలింది. నల్లటి అడ్డపట్టీ ఉంటే రెప్ప వేశారు. పొరల మీద మిషన్ గీసిన గీతలు నిజంగా పొరల వెంటే పోతున్నాయా, లేక ఎక్కడైనా దారి తప్పి కిందికి పడిపోయాయా చూడండి. డిస్క్ పక్కన ఒకే చోట నీడ పడితే లోపల తేలే నలుసు అడ్డొచ్చిందేమో. రెండుసార్లు పైకీ కిందికీ గబగబా చూడమని చెప్పి మళ్లీ తీయండి, నలుసు జరిగిపోతుంది.

ఒక నెలపాటు చిన్న నోటుబుక్కు పెట్టండి. తిరిగొచ్చిన ప్రతి ఫోటోకి ఎదురుగా పాప, లెన్సు, రెప్ప, కదలిక, శుక్లం, వీటిలో ఒకటి రాయండి. ఓనరుగారికి మాటలతో కాదు, ఆ పుస్తకం చూపించి కర్టెను అడగండి. ఈలోపు రేపు పొద్దున లెన్సు తుడిచి నల్లగుడ్డ ఫోటో తీసి నాకు పంపండి. ఆ నాలుగు గంటల మచ్చ పోయిందో లేదో చూడాలి. పోకపోతే అది లెన్సు లోపలిదన్నమాట, అప్పుడు కంపెనీ మనిషిని మళ్లీ పిలిపిద్దాం.